ఎడమ అయిదో పలక

బదిలీ ఉద్యోగుల ఇళ్ళలో సామాను రెండు రకాలు: మడత పడేది, మడత పడనిది. దుప్పట్లు, చాపలు, పుస్తకాలు, మడత మంచం, గోడమీది క్యాలెండరు మొదటి రకం. ఇవి చెప్పినమాట వింటాయి. ఇత్తడి బిందె, తులసి కుండీ, ఫుట్‌బాల్, అమ్మమ్మ ఇచ్చిన పచ్చడి జాడీ రెండో రకం. బిందెలో ఇంకో నాలుగు వస్తువులు కూరొచ్చు గాని బిందెను మడవలేం కదా. లారీ ఎక్కించే రోజున ఇంట్లో గొడవలన్నీ ఈ రెండో రకం దగ్గరే వస్తాయని మీకు వేరే చెప్పక్కర్లేదు.

నేను ఇప్పటికి అయిదు ఊళ్ళలో తెలుగు చెప్పాను. పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం), ఖరగ్‌పూర్, బరంపురం, సికింద్రాబాద్, విశాఖపట్నం. ప్రతి ఊళ్ళోనూ తెలుగు పిల్లలు ఉన్నారు. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో అయితే సంతకెళ్తే మన యాసే వినిపిస్తుంది. నా రెండో రకం సామాను పడవ బొమ్మలు. ఈ పిచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో పట్టుకుంది. అక్కడి మా క్రాఫ్ట్ మాస్టారు మిల్లులో పారేసే పడాక్ చెక్క ముక్కలు ఏరి తెచ్చి, సాయంత్రం స్టాఫ్ రూములో కూర్చుని పడవలు చెక్కేవారు. నేను ఊరికే చూస్తూ కూర్చునేదాన్ని. ఒకరోజు ఉప్పుకాగితం నా చేతిలో పెట్టారు.

తెలుగు టీచరుకి పడవలతో ఏం పని అని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పలక అనే మాట మనకు రెండు రకాలుగా ఉంది. చిన్నప్పుడు అఆలు దిద్దినదీ పలకే, పడవకు పక్కన కొట్టేదీ పలకే. అంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

విశాఖలో తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి చేరింది. నాన్న నౌకాదళంలో ఎలక్ట్రికల్ విభాగం. సొంతూరు శ్రీకాకుళం జిల్లా. కాని ఆ అమ్మాయి ఆ ఊళ్ళో ఉన్నది వేసవి సెలవుల్లోనే. తెలుగు గడగడా మాట్లాడుతుంది, రాయమంటే ఒత్తుల దగ్గర పెన్ను ఆగిపోతుంది. ఎన్‌సీసీ నేవల్ వింగ్‌లో ఉంది. ఆ వింగ్ వాళ్ళకు నౌసైనిక్ క్యాంపులో ఓడ నమూనాల పోటీ ఉంటుంది కదా, అందుకని నా దగ్గరకు పంపారు. వచ్చింది గాని మొదలుపెట్టడానికి ఒప్పుకోలేదు.

"మేడమ్, నేను కూచిపూడి రెండేళ్ళు నేర్చుకున్నాను. కొచ్చి వెళ్ళాం, అక్కడ నేర్పేవాళ్ళు దొరకలేదు. అక్కడ చెండ మొదలుపెట్టాను, ముంబయి వెళ్ళాం. ముంబయిలో స్కేటింగ్. ఇప్పుడు ఇక్కడికి వచ్చాం, ఆ షూస్ కాలికి పట్టడం లేదు. నేను దేన్నీ పూర్తి చేయలేదు మేడమ్. ఇది మాత్రం ఎందుకు?"

నేను సమాధానం చెప్పలేదు. నా వీణ కూడా బరంపురంలోనే ఆగిపోయింది. "సరే, పడవ వద్దు, కంప్యూటర్ ల్యాబ్‌కి రా, ఒక పూతరేకు చూపిస్తాను," అన్నాను. పూతరేకు అనేసరికి వచ్చింది.

పూతరేకు తినడమే గాని చేయడం చూసినవాళ్ళు తక్కువ. కోనసీమలో ఆత్రేయపురం దీనికి పేరు. కుండను పొయ్యిమీద బోర్లించి కింద మంట పెడతారు. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి కుండ వీపుమీద ఒక్కసారి లాగుతారు. క్షణంలో రేకు తయారవుతుంది, ఊడదీస్తారు. ఆ రేకు పుట్టింది గుండ్రటి కుండమీద. బల్లమీద పరవబోతే అంచులు పటపటమని విరుగుతాయి. మధ్యభాగం చదునుగా కూర్చోవాలంటే అంచుకు ఇంకాస్త రేకు కావాలి. అది లేదు కాబట్టి అంచు చీలుతుంది.

మీ పాఠ్యపుస్తకానికి బ్రౌన్ పేపరు అట్ట వేయడం తేలిక. నీళ్ళ పైపుకు చుట్టడమూ తేలిక. జోకరు టోపీ కూడా కాగితాన్ని చుడితే వచ్చేస్తుంది. అదే కాగితాన్ని ఫుట్‌బాల్‌కి చుట్టండి చూద్దాం. ముడతలు పడుతుంది, లేదా కత్తిరించాల్సి వస్తుంది. పైపు ఒక వైపే వంగుతుంది, బంతి రెండు వైపులా వంగుతుంది. రెండు వైపులా వంగినదాన్ని సాగదీయకుండా, చింపకుండా చదును చేయడం కుదరదని జర్మనీ గణితవేత్త గౌస్ 1827లో రుజువు చేశాడు. మీ భూగోళం క్లాసులో గోడకు వేలాడే ప్రపంచపటం చాలాసార్లు మెర్కేటర్ 1569లో చేసిన పద్ధతిలోనిది. అందులో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు పెద్దది. పటం గీసినవాడి పొరపాటేం లేదు. గుండ్రటిదాన్ని బల్లపరుపుగా చేస్తే ఎక్కడో ఒకచోట సాగదీయక తప్పదు.

ఇప్పుడు పడవ సంగతి. పడవ పొట్ట ఇటు పైపూ కాదు, అటు బంతీ కాదు. మధ్యలో కొంచెం పైపులా ఉంటుంది. ముందుకొస, వెనకకొస దగ్గర బిందె మెడలాగా లోపలికి నొక్కుకుని ఉంటుంది. దానిమీద పలకలు అతికించాలంటే ఒక్కో పలకను చదునైన చెక్కమీద ఏ ఆకారంలో కోయాలో ముందే తెలియాలి. పడవ బొమ్మలు చేసేవాళ్ళను ఏడిపించేది ఇదే. తిన్నటి చెక్కపట్టీ తీసుకుని బలవంతంగా పక్కకు వంచితే ఒక అంచు అంటుకుంటుంది, రెండో అంచు పైకి లేస్తుంది. గమ్ము పెట్టి క్లిప్పులు బిగిస్తే రాత్రికి ఊరుకుంటుంది, పొద్దున్నకి మళ్ళీ లేస్తుంది.

నేను ఎంచుకున్నది ఎన్‌సీసీ క్యాడెట్లు నడిపే 27 అడుగుల వేలర్. ముందూ వెనకా రెండు కొసలూ సూదిగా ఉండే పడవ, తెడ్లు అయిదు. ఒకవైపు మూడు, ఇంకోవైపు రెండు. ఆ అమ్మాయి దాన్ని అప్పటికే నాలుగుసార్లు లాగింది, అరచేతుల్లో బొబ్బలు చూపించింది. ఎన్‌సీసీ వాళ్ళ దగ్గర పాత గీతల పటం ఒకటి ఉంటే జిరాక్స్ తీయించాం. పక్కనుంచి చూస్తే ఎలా ఉంటుంది, పైనుంచి చూస్తే ఎలా ఉంటుంది, ఎదురుగా నిలబడి అడ్డంగా కోస్తే ఎలా ఉంటుంది, ఇలా మూడు చూపులు. 1:16 నిష్పత్తిలో చేస్తే పడవ 51 సెంటీమీటర్లు వస్తుంది. అంతకంటే చిన్నదైతే పలకలు చేతికి దొరకవు, పెద్దదైతే ట్రంకు పెట్టెలో పట్టదు. ట్రంకు పెట్టె కొలత చూసుకోకుండా బొమ్మ మొదలుపెట్టడం మనలాంటివాళ్ళకు కుదరదు.

ల్యాబ్‌లో ఫ్రీషిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. పటంలోని కొలతలు ఒక్కొక్కటే ఎక్కించాం. పదకొండు అడ్డకోతలు, ఒక్కోదానిలో పది బిందువులు. ఈ పని విసుగు పుట్టిస్తుంది, పుట్టించనీయండి. అంకె ఒకటి అటూఇటూ అయితే తెరమీద పడవకు బొప్పి కడుతుంది, ఎక్కడ తప్పిందో వెంటనే తెలిసిపోతుంది. వారానికల్లా తెరమీద వేలర్ తేలింది. దాన్ని చదును చేయడానికి వీలుందా అని అడిగితే సాఫ్ట్‌వేర్ రంగులతో జవాబు చెబుతుంది. వీలున్నచోట ఆకుపచ్చ, లేనిచోట రంగు మారిపోతుంది. సగం పడవను ఒకే ముక్కగా అడిగాం. మధ్యలో కాస్త పచ్చదనం, మిగతా అంతా ఎర్రజెండా.

"అయితే కుదరదన్నమాట," అంది ఆ అమ్మాయి. లేచి వెళ్ళిపోయేలా ఉంది.

ఇక్కడే ఈ విద్యలో అసలు కిటుకు ఉంది. సాఫ్ట్‌వేర్ ఏ ఉపరితలాన్నైనా చిన్నచిన్న త్రిభుజాలుగా కోస్తుంది. మూడు భుజాల కొలతలు తెలిస్తే త్రిభుజం ఆకారం ఇక ఒక్కటే. మీరు లెక్కల క్లాసులో చదివే భుజం-భుజం-భుజం నియమం ఇదే, పరీక్షకు తప్ప దేనికి పనికొస్తుందని అడుగుతారు కదా, దీనికి పనికొస్తుంది. మొదటి త్రిభుజాన్ని బల్లమీద పెట్టి, దాని అంచును తలుపు బందులా అనుకుని పక్కదాన్ని విప్పి పరచాలి. దాని పక్కది, దాని పక్కది. త్రిభుజాలు ఒకే వరసలో గొలుసులా ఉంటే అవి ఎంత మెలికలు తిరిగినవైనా చక్కగా పరుచుకుంటాయి. చిక్కల్లా ఒక బిందువు చుట్టూ అన్నివైపులా త్రిభుజాలు ఉన్నప్పుడే. బల్లమీద ఒక బిందువు చుట్టూ కోణాలు కలిపితే 360 డిగ్రీలు. బిందె పొట్టమీద కలిపితే 360కి తక్కువ వస్తుంది, బిందె మెడ దగ్గర ఎక్కువ వస్తుంది. తక్కువైతే చీలిక, ఎక్కువైతే ముడత.

కాబట్టి పడవను సన్నటి పట్టీలుగా చీలిస్తే సరి. ఒక్కో పట్టీ ఒక్కో త్రిభుజాల గొలుసు అవుతుంది. మరి ఆ రెండువైపుల వంపు ఏమైందంటారా, పట్టీ వెడల్పులో దాక్కుంటుంది. ఎంత దాక్కుంటుందో లెక్క వేయమన్నాను. వేలర్ పొట్ట మడత తిరిగేచోట మన బొమ్మలో వ్యాసార్ధం 60 మిల్లీమీటర్లు అనుకుందాం. 30 మి.మీ. వెడల్పు పలక పెడితే మధ్యలో దాదాపు 1.9 మి.మీ. ఖాళీ వస్తుంది. వేలు పెడితే తెలుస్తుంది. 10 మి.మీ. పలక పెడితే 0.2 మి.మీ. మాత్రమే, ఉప్పుకాగితం నాలుగుసార్లు తిప్పితే పోతుంది. వెడల్పు మూడో వంతు చేస్తే తేడా తొమ్మిదో వంతయింది. ఆ అమ్మాయి కాలిక్యులేటర్‌లో రెండుసార్లు చూసుకుంది. తరవాత "అందుకేనా పడవలకు అన్ని పలకలుంటాయి!" అంది. ఆ రోజు ఇంటికి వెళ్ళడానికి తొందరపడలేదు.

కీల్ నుంచి పై అంచు దాకా సగం పొట్ట చుట్టుకొలత మధ్యలో 90 మి.మీ., కొసల దగ్గర 63. తొమ్మిది పలకలు వేస్తే ఒక్కోటి మధ్యలో 10 మి.మీ., కొసల్లో 7. ఎడమవైపు తొమ్మిది, కుడివైపు తొమ్మిది. కుడివైపుకు మళ్ళీ లెక్క వేయక్కర్లేదు, కాగితం తిరగేస్తే చాలు.

సాఫ్ట్‌వేర్ విప్పి పరిచిన తొమ్మిది పలకలూ తెరమీద వరసగా కనిపించినప్పుడు ఆ అమ్మాయి నమ్మలేదు. పడవమీద హుందాగా నిటారుగా కనిపించే పై పలక అరటిపండులా వచ్చింది. ముందుకొస దగ్గర బాగా వంపు తిరిగినట్టు కనిపించేది ఇంచుమించు తిన్నగా వచ్చింది. అయిదో పలక ఒకవైపు అటు, ఇంకోవైపు ఇటు తిరిగి సాగదీసిన వానపాములా ఉంది. ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళే విమానం దారి పటంమీద ఉత్తరానికి వంపు తిరిగి కనిపిస్తుంది. నిజానికి అదే దగ్గరదారి. గుండ్రటిదాని మీది తిన్నదనం, చదునుదాని మీది తిన్నదనం ఒకటి కావు.

నమ్మకం కుదరకపోతే పాత పద్ధతిలో సరిచూడాలి. రంగులు వేసేవాళ్ళు వాడే కాగితం టేపును అస్థిపంజరం మీద, అంటే అడ్డ చట్రాల మీద, అయిదో పలక ఉండాల్సినచోట నిమిరి అతికించాం. ప్రతి చట్రం మీదా పలక పై అంచు, కింది అంచు పెన్సిలుతో గుర్తు పెట్టాం. మెల్లగా ఊడదీసి చార్టు ముక్కమీద సాగకుండా పరిచాం. గుర్తులు కలిపితే అదే వానపాము! కంప్యూటర్ వానపామును దానిమీద పెట్టి చూస్తే పెన్సిలు గీత మందం తేడా. సాఫ్ట్‌వేర్‌తో పని మొదలుపెట్టే ఎవరికైనా నేను చెప్పేది ఇదే. కనీసం ఒక్క పలకనైనా టేపుతో తీసి చూడండి. లేకపోతే తెరమీద ఏది కనిపిస్తే అదే వేదమనుకుంటారు. ఈమధ్య అన్ని ముక్కలూ లేజర్‌తో కోసి పెట్టెలో పెట్టి అమ్ముతున్నారు. అవి కూడా పడవలే, కాదనను. నాకు మాత్రం వండిన అన్నం కొనుక్కున్నట్టు ఉంటుంది.

సాఫ్ట్‌వేర్‌కి తెలియనివి కొన్ని ఉన్నాయి. చెక్కకు నార ఉంటుంది, అది పలక పొడవునా వెళ్ళాలి, అడ్డంగా వెళితే చట్రం దగ్గర పుటుక్కున విరుగుతుంది. మేం వాడింది ఫర్నిచర్ షాపులో మిగిలిన 0.6 మి.మీ. టేకు వెనీర్. వేడినీళ్ళలో పది నిమిషాలు నానబెడితే మెలిక తిరగడానికి ఒప్పుకుంటుంది. చట్రాల అంచులను పలక కూర్చునే వాలుకు తగ్గట్టు అరగదీయాలి. ఇదంతా చేతిపనే. అసలు వేలర్‌కు ఇంటికప్పు పెంకుల్లా పలకమీద పలక ఎక్కి ఉంటుంది. మొదటి బొమ్మకు అంత వద్దని అంచుకు అంచు ఆనించి కట్టాం.

ఇంకో జాగ్రత్త. పడవ 51 సెంటీమీటర్లే అయినా చదును చేసిన పలక వంపు కలుపుకుని 54 దాకా వచ్చింది. ఏ4 కాగితంలో పట్టదు, ఏ2 మీద ప్రింటు తీయించాలి. ప్రింటు షాపువాళ్ళు చాలామంది అలవాటుగా ‘ఫిట్ టు పేజ్’ నొక్కేస్తారు. అది నూటికి మూడు తగ్గించినా కంటికి తెలియదు, పలక దగ్గర ఒకటిన్నర సెంటీమీటర్ల పైనే పొట్టి అవుతుంది. అందుకని కాగితం మూలలో సరిగ్గా 100 మి.మీ. గీత ఒకటి పెట్టాను. కత్తెర పట్టేముందు స్కేలు పెట్టి ఆ గీత కొలవాలి. ఈ ఒక్క నియమం తప్ప ఆ అమ్మాయికి నేను పెట్టిన నియమాలేం లేవు.

పూర్వం ఇవేవీ లేకుండా ఓడలు ఎలా కట్టారని అడిగింది. గొప్ప ప్రశ్న. మన విశాఖలోనే 1948 మార్చి 14న ‘జల ఉష’ను నెహ్రూ నీటిలోకి దింపారు. ఆ రోజుల్లో ఓడలు కట్టేచోట విశాలమైన గది నేలమీదే ఓడ గీతలను అసలు సైజులో గీసేవారు, వంగే బద్దలు పెట్టి. ఉక్కు రేకును ఏ ఆకారంలో కోయాలో ఆ నేలమీదే తేల్చేవారు. సాఫ్ట్‌వేర్ చేసేది ఆ నేల పనే. ఇక కేరళలో బేపూరు ఉరు కట్టే మేస్త్రీలైతే ఆ లెక్కలు కాగితంమీద కాకుండా తలలో పెట్టుకుంటారు. మన తీరంలో మసూలా పడవలకు పలకలను కొబ్బరి పీచు తాళ్ళతో కుట్టేవారు. పక్కటెముకల్లాంటి చట్రాలు వాటికి ఉండవు. అలలమీద ఆ కుట్లు కాస్త సాగి మళ్ళీ సర్దుకునేవి. అలా కుట్టిన ఓడ ఇప్పుడు మన నౌకాదళంలో ఒకటి ఉంది, ఐ.ఎన్.ఎస్.వి. కౌండిన్య. అజంతా గుహల్లోని అయిదో శతాబ్దపు బొమ్మ ఆధారంగా కట్టి 2025 మే 21న కార్వార్‌లో చేర్చుకున్నారు. పాత పటాలేవీ మిగల్లేదు కాబట్టి బొమ్మను చూసి ఆకారం ఊహించి, ఐఐటీ మద్రాసులో నమూనామీద పరీక్షలు చేసి, కేరళ వడ్రంగుల చేత కుట్టించారు. ఈ సంగతి చెప్పినప్పుడు వాళ్ళ నాన్న కూడా ఉన్నారు. "మేడమ్ గారూ, ఆ ఓడలో ఎలక్ట్రికల్ వాళ్ళకు పనేం ఉంటుంది చెప్పండి?" అని నవ్వారు.

డిసెంబరులో ఆయనకు ఆర్డరు వచ్చింది. జామ్‌నగర్. ఏప్రిల్ మొదటివారంలో చేరాలి.

ఆ అమ్మాయి రెండురోజులు ల్యాబ్‌కి రాలేదు. మూడోరోజు వచ్చి, అస్థిపంజరాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, "మేడమ్, రోజుకు ఎంతసేపు పడుతుంది ఒక పలకకి?" అంది. కోయడం, నానబెట్టడం, ఆరబెట్టడం, అతికించడం, క్లిప్పులు తీయడం కలిపితే నాలుగు రోజులు. పద్దెనిమిది పలకలకు 72 రోజులు. మధ్యలో పరీక్షలు, రిపబ్లిక్ డే పెరేడ్ ప్రాక్టీసు. లెక్క కుదరడం లేదని ఇద్దరికీ తెలుసు. రెండువైపులా సమంగా కడుతూ వెళ్ళాలి, లేకపోతే పడవ ఒకవైపుకు లాగుతుందని పుస్తకాల్లో ఉంటుంది. నేనూ అదే చెబుతాను. కాని ఆ అమ్మాయి ఎడమవైపే ముందు పూర్తి చేస్తానంది. "సగంలో ఆగినా ఒకవైపు నుంచి చూస్తే పూర్తయినట్టు ఉంటుంది కదా మేడమ్." చట్రాలను ఒక మందపాటి ప్లైవుడ్ బల్లకు గట్టిగా బిగించి, సరేనన్నాను.

మార్చి 22కి ఎడమ తొమ్మిదో పలక అతికింది. షెల్ఫ్‌లో ఎడమవైపు బయటకు కనిపించేలా పెడితే ప్రిన్సిపాల్ గారు చూసి "ఇంత బాగా పూర్తి చేశారే!" అన్నారు. ఆ అమ్మాయి నావైపు చూసి నవ్వు ఆపుకుంది.

పడవను పాత చీరల్లో చుట్టి నాన్నగారి నల్ల ట్రంకులో పెట్టారు. పటాలు మాత్రం వేరేగా. చదును చేసిన పలకల ఏ2 కాగితం చుట్టగా చుట్టి స్కూలు బ్యాగులో, ఫైలు పెన్‌డ్రైవ్‌లో, ఇంకో కాపీ నా మెయిల్లో. చట్రాల ఆకారాలు కూడా అందులోనే ఉన్నాయి.

ఏప్రిల్ రెండోవారంలో ఫోటో వచ్చింది. లారీలో ట్రంకుమీద ఏదో బరువైనది పడినట్టుంది, మూత లోపలికి నొక్కుకుపోయింది. నాలుగు చట్రాలు విరిగాయి. ఎడమవైపు పై మూడు పలకలు, మధ్యలో అయిదోది చీలిపోయాయి. ఫోటో కింద ఒక్క మాట కూడా లేదు. నేను కూడా ఏమీ రాయలేకపోయాను ఆ సాయంత్రం. ఆ పలకల్లో ప్రతిదాన్నీ నేనూ ముట్టుకున్నాను.

మర్నాడు ఫోన్ చేశాను. వాళ్ళ అమ్మగారు ఎత్తారు. "నిన్నటినుంచి అన్నం సరిగ్గా తినలేదండీ, ఆ ముక్కలు ముందేసుకుని కూర్చుంది," అన్నారు. ఫోన్ ఆ అమ్మాయికి ఇచ్చారు.

"మళ్ళీ మొదటినుంచా మేడమ్?"

"పెన్‌డ్రైవ్ ఉందా?"

"ఉంది."

"కాగితం చుట్ట?"

"బ్యాగులోనే ఉంది. దానికేమీ కాలేదు." కాసేపు ఆగింది. "మేడమ్, ఎడమ అయిదో పలక మీరు టేపుతో కూడా తీశారు కదా, ఆ చార్టు ముక్క ఎక్కడుంది?"

అది నా టేబులు సొరుగులో ఉంది. దాని అవసరం లేదని తనకూ తెలుసు, ఫైల్లో అదే గీత ఉంది. అయినా స్పీడ్‌పోస్టులో పంపాను.

తరవాత చాలారోజులు కబురు లేదు. కొత్త స్కూలు, కొత్త యూనిఫాం, మూడో భాషగా ఇంకోటి. నేను అడగలేదు. ఈ ఉద్యోగంలో పిల్లలు వెళ్ళిపోయాక వాళ్ళను మన జ్ఞాపకాలతో వెంటాడకూడదని నాకు ఒక నమ్మకం ఉంది, తప్పో ఒప్పో.

జులైలో ఒక మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. వెనకాల మోటారు సైకిళ్ళ హారన్లు, ఎవరో గుజరాతీలో మాట్లాడుతున్నారు. హలో కూడా లేదు.

"మేడమ్, ప్రింటు షాపులో ఉన్నాను. వంద గీత కొలిచాను, తొంభై ఏడే ఉంది. ఈ అంకుల్ సరిగ్గానే ఉందంటున్నారు. నేను స్కేలు పెట్టి చూపించాను. ‘ఫిట్ టు పేజ్’ తీసేసి మళ్ళీ కొట్టమంటే కాగితం డబ్బులు ఎవరిస్తారంటున్నారు."

"నువ్వేమన్నావు?"

"నేనే ఇస్తానన్నాను. ఇంకో విషయం మేడమ్. చట్రాలు నాలుగూ మళ్ళీ కోసేశాను. ఈసారి మీరు చెప్పినట్టే ఎడమ ఒకటి, కుడి ఒకటి కడుతున్నాను. మా క్లాసులో ఒకమ్మాయి కుడివైపు కడతానంది, వాళ్ళ నాన్నకు సెప్టెంబరులో పోస్టింగు మారుతుందట. ఉండండి, ప్రింటు వస్తోంది."

స్కేలు గాజు బల్లకు తగిలిన చప్పుడు వినిపించింది.

"వంద," అంది.